బొటనవేలి పెత్తనం

ఇంట్లో పెత్తనం ఎవరిదని జనాభా లెక్కలవాళ్ళు వచ్చి అడిగితే మావాళ్ళు తడుముకోకుండా నా పేరే చెబుతారు. కరెంటు మీటరు నా పేరున ఉంది. ఇంటిపన్ను నా పేరున ఉంది. గ్యాస్ బండ కూడా నా పేరునే బుక్ అవుతుంది. కానీ బిల్లులు కట్టే పెత్తనం వేరు, సోఫాలో కూర్చుని చేసే పెత్తనం వేరు. రెండోది రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది. ఈ సంగతి ఏ చట్టంలోనూ ఉండదు. అమలు మాత్రం అన్ని చట్టాలకంటే గట్టిగా జరుగుతుంది.

మా ఇంట్లో పంపకాలు ఎప్పుడో అయిపోయాయి. టీవీ రిమోట్ అమ్మది. సెట్‌టాప్ బాక్స్ రిమోట్ మా ఆవిడది. అంటే ఏం చూడాలో కోడలు తేలుస్తుంది, ఎంత గొంతుతో వినాలో అత్తగారు తేలుస్తుంది. ఇద్దరి మధ్యా ఇంత చక్కని ఒడంబడిక ఇంకే విషయంలోనూ లేదు. ఫ్యాన్ రిమోట్ మావాడిది. కరెంటు తక్కువ తింటాయని కొన్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు అవి. పాత ఫ్యాన్ 75 వాట్లు తాగే చోట ఇవి ముప్ఫైకి అటూ ఇటూగా సరిపెట్టుకుంటాయి. ఆ పొదుపు నాది, రిమోట్ వాడిది. ఏసీ రిమోట్ ఎవరిదీ కాదు కాబట్టి గోడకి కొట్టిన స్టాండులో ఉంటుంది. దాన్ని ముందు అందుకున్నవాళ్ళదే రాజ్యం. నాకు మిగిలింది గీజర్ స్విచ్.

అందులోనూ టీవీ రిమోట్ జోలికి పోయే ధైర్యం ఎవరికీ లేదు. టీవీతోపాటు వచ్చిన ప్లాస్టిక్ కవరు అమ్మ దానికి ఇప్పటికీ తీయలేదు. కవరు లోపల రిమోట్ కొత్తగానే ఉండాలి, కానీ కవరే పసుపుపచ్చగా మారి, లోపల అంకెలేమిటో ఎవరికీ కనపడదు. వెనక మూత ఎప్పుడో విరిగింది. దాని బదులు రెండు రబ్బరు బ్యాండ్లు. గొంతు తగ్గించే మీట దగ్గర నూనె మరక, పెంచే మీట దగ్గర చిన్న చిరుగు. దాన్నిబట్టి మా ఇంట్లో ఏది ఎక్కువ నొక్కుతారో చెప్పొచ్చు. కనపడకపోయినా అమ్మకి ఇబ్బంది లేదు. చీకట్లో, కళ్ళజోడు లేకుండా, బొటనవేలు వెళ్ళాల్సిన చోటికి వెళ్తుంది. పలకకపోతే అరచేతిలో రెండు దెబ్బలు వేస్తుంది. అప్పటికీ పలకకపోతే బ్యాటరీలను కాస్త దొర్లిస్తుంది. అప్పటికీ మొండికేస్తే వాటిని బాల్కనీలో ఎండబెడుతుంది. ఇది చాలా ఇళ్ళలో ఉన్న వైద్యమే.

నా చిన్నతనంలో రిమోట్ అవసరమే లేదు. ఉన్నది దూరదర్శన్ ఒక్కటే. మార్చడానికి ఇంకో ఛానల్ ఉంటే కదా. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. తెలుగిళ్ళలో రిమోట్ రాజకీయాలు మొదలైంది అప్పుడే. ఆ రాజకీయాల్లో నేను ఏనాడూ డిపాజిట్టు దక్కించుకోలేదు. పెళ్ళికాకముందు నాన్న, పెళ్ళయ్యాక మా ఆవిడ, మధ్యలో కార్టూన్ల వయసులో మావాడు. ఇలా వరసగా ఓడిపోతూ వచ్చినవాణ్ణి యాభయ్యో పడి దగ్గర పడుతుండగా ఒక ఫోన్ దుకాణంలో కుర్రాడు రెచ్చగొట్టాడు.

"సార్, దీనికి ఐఆర్ బ్లాస్టర్ కూడా ఉంది" అన్నాడు.

బ్లాస్టర్ అంటే ఏ మందుపాతరో అనుకునేరు. ఫోన్ నెత్తిమీద ఆవగింజంత నల్లచుక్క. అందులోంచి కంటికి కనపడని పరారుణ కాంతి వస్తుంది. రిమోట్‌లోంచి వచ్చేదీ అదే. కాబట్టి ఫోన్‌లో ఒక యాప్ ఉంటే చాలు, అది టీవీకీ, ఏసీకీ, ఫ్యాన్‌కీ, సెట్‌టాప్ బాక్స్‌కీ అన్నిటికీ రిమోటే. ఆ కుర్రాడు ఇంకా కెమెరా గురించీ, ర్యామ్ గురించీ ఏదో చెబుతున్నాడు. నాకేమీ వినపడలేదు. నాలుగు రిమోట్ల అధికారం ఒక్క జేబులో. డబ్బు కట్టేశాను.

ఇంటికొచ్చి మాత్రం, "పాతదాంట్లో ఛార్జింగ్ నిలబడట్లేదు" అన్నాను. అబద్ధం కాదు. నిజంలో ఒక ముక్క.

ఇది కొత్త వింతేమీ కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 2013లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్4కీ, హెచ్‌టీసీ వన్‌కీ ఈ సదుపాయం ఉండేది. అదే ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 4.4లో గూగుల్ కూడా దీనికి చోటిచ్చింది. తర్వాత పెద్ద కంపెనీలు ఒక్కొక్కటే చేతులు దులుపుకున్నాయి. శాంసంగ్ 2015 నాటి ఎస్6 తర్వాత ఆ వరస ఫోన్లలో దాన్ని తీసేసింది. షావోమీ మాత్రం వదల్లేదు. ఐఫోన్‌కి మొదట్నుంచీ లేనే లేదు. ఈ చివరి ముక్క నాకు ఎంత ఆనందం ఇచ్చిందో చెప్పలేను. డల్లాస్ నుంచి సెలవులకి వచ్చిన మా బామ్మర్ది తన ఐఫోన్‌ను బల్లమీద పెట్టి ఏదో చెప్పబోతుంటే, "మీ ఫోన్‌తో ఈ ఫ్యాన్ ఆపగలరా బావగారూ?" అని అడిగాను. ఆపలేరు. నేను ఆపాను. మే నెల. అందరికీ చెమటలు పట్టాయి. అయినా మళ్ళీ వెయ్యడానికి నేను తొందరపడలేదు.

యాప్‌లో వస్తువును చేర్చుకోవడం పెళ్ళిచూపుల తంతే. ఏ కంపెనీ అని అడుగుతుంది. చెబితే, ఫోన్‌ను అటు తిప్పి మీట నొక్కమంటుంది. నొక్కాక, అటువైపు నుంచి ఏమైనా స్పందన ఉందా అని మనల్నే అడుగుతుంది. లేదంటే ఇంకో కోడ్ బయటికి తీస్తుంది. ఎందుకిన్ని కోడ్‌లంటే, కంపెనీకో భాష. ఎక్కువ మంది వాడే ఎన్ఈసీ పద్ధతిలో కాంతి సెకనుకి 38 వేల సార్లు మినుకుమంటుంది. ఫిలిప్స్ పాత పద్ధతిలో 36 వేలు, సోనీది 40 వేలు. ఎండలోనూ పరారుణం ఉంటుంది, మామూలు బల్బులోనూ ఉంటుంది. వాటన్నిటి మధ్య టీవీ తన యజమాని పిలుపును గుర్తుపట్టేది ఈ మినుకు లెక్కతోనే.

ఇదంతా గోరుచిక్కుళ్ళు తుంచుతున్న మా ఆవిడకి చెప్పాను.

"ముందుగా 9 మిల్లీసెకన్లు వెలుగు. అంటే, ఇదిగో విను అని. తర్వాత నాలుగున్నర మిల్లీసెకన్లు చీకటి. ఆ తర్వాత ఇది ఎవరి కోసమో చెబుతుంది, వెంటనే అదే మాట తలకిందులు చేసి చెబుతుంది. తర్వాత ఏం చెయ్యాలో చెబుతుంది, దాన్నీ తలకిందులు చేసి చెబుతుంది. రెండూ సరిపోతేనే టీవీ ఒప్పుకుంటుంది. ఇంతా కలిపి 67.5 మిల్లీసెకన్లు!"

"చెప్పిన మాట వెంటనే తలకిందులు చెయ్యడం మీకు ముందునుంచీ వచ్చుగా. దానికి ఫోనెందుకండీ?" అంది.

చరిత్ర చెబితేనైనా గౌరవం వస్తుందేమోనని అటు తిరిగాను. అమెరికాలో జెనిత్ కంపెనీ 1950లో తొలి టీవీ రిమోట్ తెచ్చింది. వైరుతో టీవీకి కట్టేసి ఉండేది. దాని పేరు లేజీ బోన్స్.

"పేరు బాగా పెట్టారు" అంది, తల ఎత్తకుండా.

1955లో ఆ కంపెనీలోనే యూజీన్ పోలీ అనే ఇంజనీరు వైరు తీసేసి టార్చి వెలుగుతో నడిచే రిమోట్ చేశాడు. టీవీ నాలుగు మూలలా కాంతిని గుర్తుపట్టే కళ్ళుండేవి. చిక్కేమిటంటే కిటికీలోంచి ఎండ పడినా ఛానల్ మారిపోయేది. మరుసటి ఏడాది రాబర్ట్ ఆడ్లర్ అనే ఆయన, అల్యూమినియం కడ్డీలను చిన్న సుత్తితో కొట్టి, మనిషి చెవికి అందని శబ్దం పుట్టించే రిమోట్ తెచ్చాడు. అందులో బ్యాటరీలే లేవు.

ఈ మాటకి మాత్రం అటునుంచి అమ్మ తలెత్తింది. "బ్యాటరీలే లేవా? మరి అది మానేసి ఇదెందుకు పట్టుకున్నార్రా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అమ్మకి ఆ వెలుగును చూపిద్దామనిపించింది. మా ఆవిడ ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి, అమ్మ రిమోట్‌ను దానికెదురుగా పట్టుకుని మీట నొక్కమన్నాను. తెరమీద రిమోట్ ముక్కున లేత ఊదారంగు చుక్క టపటపా వెలిగింది. మన కంటికి కనపడనిది కెమెరాకి కనపడుతుంది. రిమోట్ బతికుందో, చచ్చిందో తేల్చుకోవడానికి ఇంతకంటే సులువు లేదు. వెనక కెమెరాతో ప్రయత్నిస్తే చాలా ఫోన్లలో కనపడదు, పరారుణాన్ని ఆపే ఫిల్టరు దానికి గట్టిగా ఉంటుంది. అమ్మ మళ్ళీ మళ్ళీ నొక్కి చూసుకుంది. "ఇన్నాళ్ళూ నేను దీపం వెలిగిస్తున్నానన్నమాట" అని మురిసిపోయింది. ఆ మురిపెంలో నా ఫోన్ నెత్తిన కూడా అలాంటి దీపమే ఉందని గమనించలేదు అనుకున్నాను.

ఇక అసలు నేరం.

రాత్రిపూట వాళ్ళు చూసే సీరియల్ ఒకటుంది. అందులో అత్తగారు ఏదైనా మాటంటే ఆ ముఖాన్ని మూడుసార్లు చూపించి, మూడుసార్లూ ఉరుములు ఉరిమిస్తారు. ఆ ఉరుములకి మా ఇంట్లో స్టీలు గిన్నెలు కదులుతాయి. నేను తువ్వాలు భుజాన వేసుకుని, దాని అంచు కింద ఫోన్ పట్టుకుని, పైభాగాన్ని టీవీ వైపు తిప్పి, అత్తగారు నోరు తెరవగానే గొంతు తగ్గించడం మొదలుపెట్టాను. రెండో ఉరుముకల్లా నిశ్శబ్దం. అమ్మ తన రిమోట్‌తో పెంచుతుంది. నేను తగ్గిస్తాను. అమ్మ రిమోట్‌ను అరచేతిలో కొడుతుంది. పెంచుతుంది. నేను తగ్గిస్తాను. రాజ్యాలేలినవాళ్ళకి కూడా ఇంత సుఖం ఉండి ఉండదు.

ఒక్కటే ఇబ్బంది. ఫోన్‌లోని దీపం రిమోట్ దీపమంత బలమైంది కాదు. నేను ఎప్పుడూ కూర్చునే మూల కుర్చీ నుంచి అందదు. టీవీకి దగ్గరగా దివాన్ మీదికి చేరాల్సి వచ్చింది. మా ఆవిడ సంతోషించింది. "ఇన్నాళ్ళకి మాతో కూర్చుని చూస్తున్నారు" అని వేడివేడి మిరపకాయ బజ్జీలు తెచ్చి పెట్టింది. ఆ బజ్జీలు తింటూ తగ్గించాను. మనిషినేనా అనిపించిందిగానీ, చెయ్యి ఆగలేదు. పైగా దగ్గర కూర్చోవడంవల్ల కథ బుర్రకెక్కడం మొదలైంది. ఓ రాత్రి అత్తగారు కోడలికి విషం కలిపిన పాలు ఇస్తుండగా అలవాటు కొద్దీ గొంతు నొక్కేశాను. కోడలు ఏదో అంది. ఏమందో తెలియలేదు. "ఏమంది? ఏమంది?" అని నేనే అరిచాను.

టీవీ చెడిపోయిందని మా ఆవిడ మెకానిక్‌ను పిలిచింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కుర్రాడు టీవీ ముందు బాసింపట్టు వేసుకుని ఉన్నాడు. రిమోట్ చూశాడు, బాగుంది. టీవీ సెన్సర్ చూశాడు, బాగుంది. తిరిగి నావైపు చూశాడు. నా చేతిలో ఫోన్ వైపు చూశాడు. ఫోన్ నెత్తి వైపు చూశాడు. మా ఆవిడ మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్ళగానే గొంతు తగ్గించి, "సార్, విజిటింగ్ ఛార్జ్ మూడొందలు. జబ్బేమిటో మేడంకి చెప్పకుండా ఉండాలంటే అయిదొందలు" అన్నాడు.

అయిదొందలు ఇచ్చాను. "వోల్టేజీ హెచ్చుతగ్గులు మేడం, సర్దుకుంటుంది" అని చెప్పి వెళ్ళిపోయాడు. పనితనమంటే అదీ.

కొద్దిరోజులు బుద్ధిగా ఉన్నాను. తర్వాత మళ్ళీ తువ్వాలు భుజానికెక్కింది. ఈసారి మాత్రం ఎంత నొక్కినా ఉరుము ఆగలేదు. తెరమీద మీట కదులుతోంది, ఫోన్ వణుకుతోంది, టీవీ మాత్రం వినట్లేదు. ఫోన్ ఆపి మళ్ళీ వేశాను. యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. అది ఊరికే ఎక్కలేదు. రెండు నొక్కులకి ఒకసారి తెరంతా నిండిపోయేలా ప్రకటన వచ్చి, అయిదు నిమిషాల్లో అప్పిస్తానంటోంది. ఫోన్‌ను హారతి పళ్ళెంగా పట్టుకుని టీవీ ముందుదాకా పోయాను. అప్పటికి తువ్వాలు ఎక్కడుందో, నేనెక్కడున్నానో స్పృహ లేదు.

"అద్దం దగ్గరికి వెళ్ళి చూసుకోండి" అంది మా ఆవిడ.

"నన్నా?"

"ఫోన్‌ని."

చూస్తే, నెత్తిమీద నల్లచుక్కకి సరిగ్గా సరిపోయేలా ఒక నల్లని స్టిక్కర్ బొట్టు. చుక్క మీద చుక్క. అంత నల్లగా, అంత నున్నగా కుదిరింది, ఎన్నిసార్లు తడిమినా నాకు అనుమానం రాలేదు. మా ఆవిడ లేచి వచ్చి, గోటితో దాన్ని వొలిచి, అద్దం అంచున మిగతా బొట్ల వరసలో అంటించి, మళ్ళీ సీరియల్ ముందు కూర్చుంది. ఒక్క మాట అనలేదు. అన్నదల్లా అమ్మే. "వాడి బొటనవేలు కదిలినప్పుడల్లా టీవీ గొంతు పడిపోతుంటే, కన్నతల్లిని, ఆ మాత్రం కనిపెట్టలేనా?" అంది.

దొంగ పెత్తనం పోయింది. బహిరంగ పెత్తనానికి అవకాశం మాత్రం త్వరలోనే దొరికింది. అమ్మ రిమోట్‌కి నిజంగానే ఆయువు తీరింది. ఎండబెట్టినా, దొర్లించినా, దెబ్బలు వేసినా కెమెరాలో చుక్క వెలగలేదు. కొత్తది నూటయాభైకి వస్తుందని మా ఆవిడ అంటే, "ఇంట్లో ఇంత ఫోన్ పెట్టుకుని నూటయాభై దండగా?" అన్నాను. పనిలో పనిగా సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసి మావాడి మౌస్‌కి వేసేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. యాప్‌లో ఒక సదుపాయం ఉంది. ఒక్క మీట నొక్కితే టీవీకీ, బాక్సుకీ వరసగా పవర్ కోడ్ వెళ్తుంది. "ఇకనుంచి ఒక్క నొక్కు" అని ప్రకటించి, నొక్కాను.

టీవీ వెలిగింది. బాక్స్ ఆరిపోయింది.

మళ్ళీ నొక్కాను. బాక్స్ వెలిగింది. టీవీ ఆరిపోయింది.

చాలా రిమోట్లలో వెయ్యడానికీ ఆర్పడానికీ వేర్వేరు కోడ్‌లు ఉండవు. ఉన్నది ఒక్కటే. వెలుగుతున్నదానికి అందితే ఆరుతుంది, ఆరినదానికి అందితే వెలుగుతుంది. ముందు బాక్సు ఆన్‌లో ఉందో లేదో ఫోన్‌కి తెలియదు. ఒకసారి రెండూ ఎడమొహం పెడమొహం అయ్యాయంటే, ఒకే మీటతో వాటిని ఎప్పటికీ కలపలేం. నేను మాత్రం పట్టు వదలకుండా నొక్కుతూనే ఉన్నాను. చివరికి మావాడు సోఫాలోంచి లేచి, బాక్సు ముందు ఉన్న మీట వేలితో నొక్కి, మళ్ళీ సోఫాలో కూర్చున్నాడు. పైగా సినిమాలు చూడటానికి టీవీ వెనక వాడు గుచ్చిన స్టిక్ ఒకటుంది. దాని రిమోట్ బ్లూటూత్‌ది. పరారుణం దాన్ని పలకరించినా పలకదు. ఆ ఒక్క రాజ్యం నాకు ఎప్పటికీ దక్కదని వాడికి తెలుసు కాబట్టి వాడు నిశ్చింతగా ఉన్నాడు.

ఏసీ దగ్గర అసలు యుద్ధం జరిగింది. టీవీ రిమోట్ నొక్కితే ఒక్క మాటే వెళ్తుంది, పెంచు అనో తగ్గించు అనో. ఏసీ రిమోట్ అలా కాదు. ఏ మీట నొక్కినా మొత్తం సంగతంతా మొదట్నుంచి అప్పజెబుతుంది. చల్లదనమా, ఎన్ని డిగ్రీలు, గాలి ఎంత వేగం, రెక్కలు ఆడాలా ఆగాలా, అన్నీ. టీవీ మాట 32 బిట్లలో తేలిపోతే, కొన్ని ఏసీల మాట వంద బిట్లు దాటిపోయేది ఇందుకే. ఏసీ తిరిగి ఏమీ చెప్పదు. కాబట్టి రిమోట్ తెరమీద కనపడేది గదిలో ఉన్న చలి కాదు, ఆ రిమోట్ చివరిసారి ఏం చెప్పిందన్నది మాత్రమే.

స్టార్ గుర్తున్న ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని, కరెంటు పొదుపు చూసే ప్రభుత్వ సంస్థ బీఈఈ 2020 జనవరి నుంచి నిబంధన పెట్టింది. ప్రభుత్వం మాట 24. మా ఆవిడ మాట 27. నా మాట 22. రాత్రి పడుకునేముందు తను స్టాండులోని రిమోట్‌తో 27 పెడుతుంది. గాలి మొహానికి కొడుతోందని నేను ఫోన్‌తో రెక్కలు మాత్రమే ఆపుతాను. రెక్కలతోపాటు నా 22 కూడా వెళ్ళిపోతుంది. అర్ధరాత్రి తను వణుకుతూ లేచి ఒక్క డిగ్రీ పెంచుతుంది. 22కి ఒకటి కలిస్తే 23 అవ్వాలి కదా? కాదు, తన రిమోట్‌లో ఉన్నది 27. ఏసీ ఒక్క ఉదుటున 28కి పోతుంది. తెల్లవారుజామున నేను చెమటతో లేస్తాను. పొద్దున్న కాఫీ దగ్గర ఇద్దరం సాక్ష్యాలు బయట పెట్టుకుంటాం. నా తెరమీద 22, తన తెరమీద 28. ఇద్దరి సాక్ష్యమూ నిజమే. ఏసీని అడగడానికి మాత్రం దారిలేదు.

"అది ఒకవైపు మాత్రమే మాట్లాడుతుంది, అవతలివాళ్ళది వినే ఏర్పాటు దానికి లేదు" అని సాంకేతికంగా వివరించాను.

"ఆ సంగతి పెళ్ళైన కొత్తలోనే తెలిసింది" అంది.

ఇవన్నీ ఒక ఎత్తు. ఫోన్ ఆఫీసుకి వెళ్తుందన్న సంగతి నాకు తట్టకపోవడం ఒక ఎత్తు. రిమోట్ అనేది ఇంటిని వదిలిపోదు. తాళాలు పోతాయి, గొడుగులు పోతాయి, రిమోట్ మాత్రం సోఫా సందులో దూరినా గడప దాటదు. నేను మాత్రం అమ్మ గొంతునీ, మా ఆవిడ ఛానళ్ళనీ జేబులో వేసుకుని పొద్దున్నే బస్సెక్కేశాను. మధ్యాహ్నం మీటింగులో ఉండగా ఫోన్ మోగింది.

"ఒరేయ్, టీవీ ఎలా వెయ్యాలిరా?" అమ్మ.

"టీవీ కింద అంచున తడుము, మీట ఉంటుంది" అన్నాను మెల్లగా.

"ఏ అంచున?"

"మధ్యలో అనుకుంటా. లేకపోతే వెనకాల కుడివైపు."

"అనుకుంటావేమిట్రా, నీ ఇంట్లో టీవీకి మీట ఎక్కడుందో తెలియదా?"

మీటింగులో అందరూ వింటున్నారు. ఫోన్ మా ఆవిడ అందుకుంది. "టీవీ సంగతి సరే, మీరు పొద్దున్న ఏసీ ఆపకుండా వెళ్ళారు. ఇంట్లో రిమోట్ కనపడట్లేదు" అంది. అది నా బ్యాగులో ఉంది. 22కి విరుద్ధంగా సాక్ష్యాలు పుట్టకుండా రాత్రి నేనే దాచాను. అయితే స్ప్లిట్ ఏసీకి ముందు మూత పైకెత్తితే లోపల చిన్న మీట ఉంటుందని, రిమోట్ లేనప్పుడు వెయ్యడానికీ ఆపడానికీ అదే దిక్కని నాకు తెలుసు. అదే చెప్పాను. "అంటే నన్ను స్టూలెక్కమంటున్నారా?" అంది. కుర్చీ లాగిన చప్పుడు, అమ్మ "జాగ్రత్తే" అనడం, మూత కిర్రుమనడం, అన్నీ వినపడ్డాయి. మా మేనేజరు మొహమాటం లేకుండా, "ఏసీ ఆగిందా?" అని అడిగాడు. ఆగిందని చెప్పాను. మీటింగు కొనసాగింది.

సాయంత్రం నూటయాభై రూపాయల రిమోట్ కొనుక్కుని ఇంటికొచ్చాను. అమ్మ దాని ప్లాస్టిక్ కవరు తియ్యొద్దంది.

ఇంట్లో నా పెత్తనం అలా సద్దుమణిగింది. బయట మాత్రం నా కీర్తి పాకింది. అయిదో అంతస్తు హెడ్మాస్టారి ఏసీ రిమోట్ బకెట్‌లో పడిపోయిందట. ఏసీ 18లో ఆగకుండా నడుస్తోంది, ఆయన శాలువా కప్పుకుని వరండాలో కూర్చున్నారు. నేను వెళ్ళి ఫోన్ చూపించి ఆపాను. "బాబూ, నీది మామూలు విద్య కాదు" అన్నారు. ఆ ఒక్క మాట లిఫ్టులో పైకీ కిందికీ తిరిగింది. అప్పట్నుంచి ఎవరి రిమోట్ పోయినా మా తలుపే. మూడో అంతస్తు మనవడు మింగబోయిన బ్యాటరీ తీసి దాచేశారు, కాస్త టీవీ వేసి వెళ్ళండి. కింద పోర్షన్‌లో కొత్త అల్లుడొచ్చాడు, ఏసీ రిమోట్ దొరకట్లేదు, ఒకసారి రండి. హెడ్మాస్టారైతే కొత్త రిమోట్ కొనడమే మానేశారు. రాత్రి పదింటికి ఏసీ వెయ్యడానికి ఒకసారి, పన్నెండింటికి ఆపడానికి ఒకసారి. సోఫాలోంచి లేవకుండా ఉండటానికి కొన్న ఫోన్ కోసం లిఫ్టు పనిచెయ్యని రోజుల్లో అయిదో అంతస్తు దాకా మెట్లెక్కుతున్నాను.

నిన్న లిఫ్టులో వాచ్‌మన్ అంటించిన కాగితం చూశాను. ప్లంబరు, ఎలక్ట్రీషియను, నీళ్ళ ట్యాంకరు, గ్యాస్. అందరి కింద, బాల్ పెన్నుతో, "రిమోట్ – 204". 204 అంటే మేమే. ఆ పేరూ పరువూ మా ఆవిడకి చెప్పుకుని వాపోయాను.

"వాపోతారెందుకు, ఛార్జి పెట్టండి. ఆ మెకానిక్ కుర్రాడు తీసుకున్నంత తీసుకోండి" అంది.

"అయిదొందలా? ఇరుగుపొరుగు దగ్గర బాగుండదేమో" అన్నాను.

"మూడొందలు చాలు. ఆ రెండొందలూ పోతూపోతూ మెట్ల దగ్గర నాకిచ్చి వెళ్ళాడు" అంది.